పెళ్ళికూతుర్ని నేను చూశాను

మా ఆయనకు నేను పెట్టిన పేరు సముద్రుడు. హాల్లో సోఫా ఉండాల్సిన చోట సముద్రం తెచ్చి పెట్టుకున్న మనిషిని ఇంకేమని పిలవాలి? సోఫా నా కుట్టుగదిలోకి వచ్చి పడింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు దానిమీద కూర్చుని, "హాల్లో ఆ గుడగుడ చప్పుడేమిటండీ" అని అడుగుతారు. "మా వారి సముద్రం" అంటాను. రెండోసారి ఎవరూ అడగరు.

మంచమంత పొడవున్న గాజు తొట్టి అది. అందులో ఉప్పునీళ్ళు, వాటిని గుడగుడా తిప్పే మోటరు, నీళ్ళలో రాళ్ళు, రాళ్ళ మధ్య గుహలు. కాపురం ఉండేవాళ్ళు చారల చేపలు రెండు, ఎర్ర రొయ్య ఒకటి, పెళ్ళికూతురు ఒకతె. పెళ్ళికూతురంటే చేపే. ముందు సగం ఊదా, వెనక సగం పసుపు. ఆ రెండు రంగుల్నీ అంత అందంగా అతకడం నా వల్ల కాదని కుట్టుపనిదాన్నయినా ఒప్పుకుంటాను. కుడివైపు మూల గుహలో ఉంటుంది, మనిషి అలికిడైతే తల వెనక్కి లాగేసుకుంటుంది. ఆ సిగ్గు చూసి మా అత్తగారు పెట్టిన పేరది.

ఉప్పునీళ్ళ చేపల్ని పెంచడమంటే గిన్నెలో నీళ్ళు పోసి వదిలేయడం కాదు. ఉప్పు కలపాలి, అదీ వంటింటి ఉప్పు కాదు, డబ్బాల్లో వచ్చే వేరే ఉప్పు. వేడి చూడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా అమోనియా చూడాలి. తొట్టిలో ఏదైనా కుళ్ళితే పుట్టే విషం అది. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పోసి మందు చుక్కలు వేస్తే పసుపుగా ఉండాలి. ఆకుపచ్చకు తిరిగిందా, చేపలకు మూడిందన్నమాట. ఇవన్నీ నేను నేర్చుకుందామని నేర్చుకోలేదు. పొద్దున కాఫీతో పాటు రోజూ చెవిలో పోస్తే ఎవరికైనా వస్తాయి.

మా ఆయన ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఆవిరి ఒత్తిడి చూపించే గేజీ చూడటమే ఆయన ఉద్యోగం. ఆ పని చేసేవాళ్ళకు ఒకటే సూత్రం: మనిషి ఒకటి చెప్పి, గేజీ ఇంకొకటి చెబితే, గేజీ మాటే వినాలి. పెళ్ళయిన కొత్తలో నాకు ఒళ్ళు కాలిపోతోందండీ అంటే, థర్మామీటరు పెట్టి చూసి, "ఏం లేదే" అని డ్యూటీకి వెళ్ళిపోయిన ఘనుడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ మనిషి మాట్లాడటం మానేశాడు. కోపం కాదు, అలకా కాదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాడు. కూర బాగుందా అంటే తల ఊపేవాడు, మాడిందా అన్నా అలాగే ఊపేవాడు. కనీసం ఆ రొద ఆపమని కసురుతాడేమోనని నేను కావాలని మిషను జోరుగా తొక్కేదాన్ని. కసరలేదు. ఒక ఇంట్లో ఉంటూ ఒంటరిగా ఉండటం ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. శత్రువుకు కూడా వద్దది.

అలాంటి రోజుల్లో మా తమ్ముడు ఇల్లు మారుతూ, బరువు మోయలేక, ఈ తొట్టిని మా హాల్లో పడేసిపోయాడు. మా ఆయన కుర్చీలోంచి లేచి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికి గేజీ ఏది?" అన్నాడు. అన్నాళ్ళకు ఆయన నోటినుంచి వచ్చిన మాట అది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఏడుపు తుడుచుకుని బయటికొచ్చి, "ఈ దరిద్రాన్ని ఎవరు కడుగుతారు?" అని అరిచాను. అప్పట్నుంచీ ఆయన ఉప్పు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు, నేను విసుక్కుంటూనే ఉన్నాను.

అంతా బాగానే ఉండేది, ఆ ఒట్టు ఒక్కటి లేకపోతే. నీళ్ళను వేడిచేసే కడ్డీ చెడిపోయి ఒకసారి, అప్పట్లో ఉన్న నీలం చేప చచ్చిపోయింది. దాన్ని పూలకుండీలో పాతిపెట్టి వచ్చి, మా అత్తగారి ఎదుట అన్నాడు: "ఇంకొక్క ప్రాణి పోయిందంటే ఈ తొట్టి తీసేస్తానమ్మా. చూసుకోవడం చేతకానప్పుడు పెంచుకోకూడదు." మా ఆయన ఒట్టు గాలికి పోయే రకం కాదు. సిగరెట్లు అలాగే మానేశాడు, మా పెద్ద ఆడపడుచు మొగుడితో మాటలు కూడా అలాగే మానేశాడు.

కాబట్టి పెళ్ళికూతురు కనపడకుండా పోయేసరికి నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

మిగతా చేపలు పైకొచ్చి తింటాయి. ఈవిడకు మాత్రం గుమ్మం దగ్గరే వడ్డన. డ్రాపరు నీళ్ళలోకి దించి, గుహ ముందు రొయ్యల తురుము వదిలితే, ఊదా తల ఇలా బయటికొచ్చి అలా లాక్కుపోతుంది. సాయంత్రం వడ్డన నాది. ఆ సాయంత్రం తురుము పడింది గానీ తల రాలేదు. మర్నాడూ రాలేదు. ఎవరితోనో లేచిపోయిందనుకుందామంటే తొట్టి మీద మూత బిగించే ఉంది. బల్ల కిందా, వెనకా కూడా వెతికాను. ఎక్కడా లేదు.

భోజనాల దగ్గర మా ఆయన ఉప్పు కబుర్లేవీ చెప్పలేదు. కంచంలోకి చూస్తూ, "పెళ్ళికూతురు నీకు కనపడిందా?" అన్నాడు. ఆ గొంతు నేనెరుగుదును. కిటికీ దగ్గర కూర్చోబోయే ముందు రోజుల్లో ఉండేది అలాంటి గొంతు.

"ఆఁ, ఇందాకేగా చూశాను" అన్నాను. ఆ మాట దానంతటదే వచ్చేసింది. "తురుము వేయగానే వచ్చి లటుక్కున లాక్కుపోయింది. ఈమధ్య దాని సిగ్గు మరీ ఎక్కువైందండీ."

ఆయన మొహం తేటపడింది. పక్కనుంచి మా అత్తగారు కూడా అందుకున్నారు. "నేనూ మధ్యాహ్నం చూశానురా. కాస్త ఒళ్ళు కూడా చేసినట్టుంది."

మా అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ అబద్ధమాడితే ఆ సంగతి ముందుగా ఆవిడే చెప్పేస్తారు. అందుకని నేను నమ్మేశాను. నాకు కనపడకపోతేనేం, ఆవిడకు కనపడింది. అంటే చేప ఉంది. నా అబద్ధం కాస్తా నిజమైపోయింది. హాయిగా ఇంకో గరిటె కూర వడ్డించుకున్నాను.

ఉన్న చేప తినాలి కదా. లోపలే కూర్చుని అలిగిందేమోనని, మర్నాటి నుంచి డ్రాపరు గుహలోకంటా దూర్చి రెట్టింపు పిండుతూ వచ్చాను.

ఒక పొద్దున మా ఆయన గాజు గొట్టం పట్టుకుని నా కుట్టుగదిలోకి వచ్చాడు. అందులో నీళ్ళు పచ్చికాయ రంగులో ఉన్నాయి.

"విచిత్రంగా ఉందే" అన్నాడు. "ఏదో చచ్చి కుళ్ళుతున్నట్టు చూపిస్తోంది. చారలవి రెండూ ఉన్నాయి. రొయ్య ఉంది. పెళ్ళికూతుర్ని మీరిద్దరూ చూశారు. ఇంక చావడానికి లోపల ఎవరున్నారు?"

నా చేతిలో కత్తెర ఆగింది. "ఆ మందు చుక్కలు పాతబడ్డాయేమోనండీ."

"అంతేనంటావా?"

"అంతే."

సరేనని వెళ్ళిపోయాడు. నాకు జ్వరమొస్తే థర్మామీటరు మాట విన్న మనిషి!

ఆ మధ్యాహ్నం సీసాలో తొట్టి నీళ్ళు పట్టుకుని చేపల కొట్టుకు బయల్దేరాడు. నేను దారాలు కొనే కొట్టూ ఆ వీధిలోనే కాబట్టి నేనూ వెళ్ళాను. కొట్టాయన తన చుక్కలు వేసి చూసి, గొట్టాన్ని వెలుతురుకు పెట్టాడు.

"ఆకుపచ్చే సార్. మీ మందుకేం కాలేదు. లోపల ఏదో కుళ్ళుతోంది. రాళ్ళన్నీ తీసి వెతకండి."

"అన్నీ బాగానే ఉన్నాయండీ. కనపడుతూనే ఉన్నాయి."

"ఎవరికి కనపడ్డాయి?"

"మా ఆవిడకి."

కొట్టాయన నా వైపు చూశాడు. నేను తాబేళ్ళ వైపు చూశాను. దొంగకు తేలు కుట్టినట్టని ఊరికే అనలేదు పెద్దలు. బయటికొచ్చి నాలుగడుగులు వేశాక మా ఆయన గొంతు తగ్గించి, "వీడి చుక్కలూ పాతవేలే" అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే ఒట్టు గుర్తొస్తుంది, ఒట్టు గుర్తొస్తే తొట్టి పోతుంది, తొట్టి పోతే కిటికీ దగ్గర కుర్చీ మళ్ళీ పడుతుంది. పైగా అత్తగారు చూశారు కదా అని ఒక మూల ధైర్యం. దారపు ఉండలు కొనుక్కుని ఆయన వెనకాలే ఇంటికొచ్చాను.

ఆదివారం పొద్దున హాల్లోకి వచ్చేసరికి ఇల్లంతా కంపు. చారల చేపలు రెండూ నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. మా ఆయన పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, పాత నీళ్ళు తోడటం, డ్రమ్ములో కలిపి ఉంచిన కొత్త ఉప్పునీళ్ళు పోయడం, మళ్ళీ గొట్టంలో చూడటం. ఎన్ని బకెట్లు మార్చినా పచ్చరంగు పచ్చగానే ఉంది.

"రాళ్ళు తీసి చూడరాదూ?" అన్నాను.

"రాళ్ళు కదిపితే పెళ్ళికూతురు బెదిరి చస్తుంది. అసలే బిడియం దానికి. బతికున్నదాన్ని నా చేత్తో చంపుకోమంటావా?" అన్నాడు బకెట్టు ఎత్తుతూ.

ఉందో లేదో తెలియని చేపను కాపాడటానికి ఉన్నవాటిని చంపుకుంటున్నాడు, అదీ నా మాట పట్టుకుని. చారల చేపల్లో చిన్నది ఒరిగిపోతూ ఉంది.

"నేను చూడలేదండీ" అన్నాను.

"ఏది?"

"పెళ్ళికూతుర్ని. మొదట్నుంచీ చూడలేదు. మీరు దిగులు పడతారని చూశానన్నాను."

ఆయన బకెట్టు కింద పెట్టి మా అత్తగారి వైపు తిరిగాడు. ఆవిడ కొంగుతో ముక్కు మూసుకుని నిలబడి ఉన్నారు.

"నా వైపేం చూస్తావురా నాన్నా? ఎదురుగా ఉన్న మనిషిని పోల్చుకోడానికే నాకు ఇంతసేపు పడుతుంది, నీళ్ళలో చేప ఏం కనపడుతుంది? కోడలు చూశానంది కదా, ఉందిలే అని నేనూ చూశానన్నా. మాట సాయం."

"అయ్యో, మీరు చూశారనే కదా అత్తయ్యా నేను ధైర్యంగా ఉన్నది!"

"నువ్వు చూశావనే కదే నేను అన్నది!"

మమ్మల్ని అలాగే వదిలేసి మా ఆయన రాళ్ళు తీయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క రాయీ తీసి ఉప్పునీళ్ళ బకెట్లో పెడుతుంటే నేను మోసుకెళ్ళి స్నానాలగదిలో పెట్టాను. చివరికి కుడిమూల గుహ బయటపడింది. లోపల బురదగా, ముద్దగా, ఎన్నాళ్ళ తిండో పేరుకుపోయి ఉంది. చారల చేపలకు ఆ గుమ్మం తొక్కే ధైర్యం లేదు కాబట్టి వేసింది వేసినట్టే కుళ్ళింది. ఆయన ఆ ముద్దను గరిటెతో పళ్ళెంలోకి తీసి విడదీశాడు.

"ఇది రొయ్యల తురుము. నీది" అన్నాడు. "ఈ పసుపుపచ్చది ఏమిటి?"

"గుడ్డులో పచ్చసొన" అన్నారు మా అత్తగారు. "బలం కదాని మధ్యాహ్నం పూట కాస్త..."

"మరి ఆ గోధుమరంగు గుళికలు?" అన్నాను నేను. గుళికలు వేసేది ఇంట్లో ఒక్కరే.

ఆయన గరిటె పక్కన పెట్టాడు. "మీ ఇద్దరికీ కనపడుతోంది, నాకొక్కడికే కనపడటం లేదు. నా మీద ఏమైనా అలిగిందేమోనని కాస్త ఎక్కువ వేశాను."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా ఇంట్లో తలా డ్రాపరు. ఇంకో రోజైతే ముగ్గురం కడుపుబ్బా నవ్వుకునేవాళ్ళం.

గుహ కడిగాడు, అడుగున ఇసుక ఊడ్చాడు, డ్రమ్ములో నీళ్ళన్నీ పోశాడు. సాయంత్రానికి చారల చేపలు నోళ్ళు మూసుకుని కిందికి దిగాయి. రొయ్య మీసాలు ఊపింది. పెళ్ళికూతురు మాత్రం ఎక్కడా లేదు. ముల్లు కూడా దొరకలేదు.

మా ఆయన తడినేల మీదే కూలబడ్డాడు. "పోయింది. ఆ కుళ్ళులో కలిసిపోయుంటుంది. మిగతావాటిని రేపు కొట్టాయనకు ఇచ్చేస్తాను."

"అంతా నేను అబద్ధం చెప్పబట్టే" అన్నాను.

"గేజీ మొదటి రోజే చెప్పింది. నేనే వినలేదు. బాయిలర్ దగ్గర ఇలా చేసుంటే అందరం పేలిపోయేవాళ్ళం. జన్మలో మొదటిసారి గేజీని కాదని మనిషిని నమ్మాను."

నిష్ఠూరంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు, అది నన్ను నిలువునా కోసింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. నాకు బాగా వచ్చిన విద్య అది.

"తీసేయకండి" అన్నాను. "దీన్ని రోజూ తిట్టేది నేనే, ఒప్పుకుంటాను. తీసేస్తే మీరు మళ్ళీ ఆ కిటికీ దగ్గరికెళ్ళి కూర్చుంటారు. మాట్లాడరు. నేను భయపడింది చేప కోసం కాదండీ, మీ కోసం. ఆ మౌనం కంటే ఈ కంపే నయం నాకు."

ఇన్నేళ్ళ కాపురంలో నేను ఆయనతో అలా మాట్లాడింది లేదు. మా అత్తగారు కొంగు ముక్కు మీంచి కళ్ళ మీదికి జరుపుకున్నారు. కాసేపటికి ఆయన మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు.

"మాటంటే మాటే. ముందు ఆ మోటరు ఆపేస్తాను" అన్నాడు.

అది చూడటం నా వల్ల కాలేదు. తుడుపుగుడ్డ పిండే వంకతో స్నానాలగదిలోకి పోయాను. గుడ్డ పిండుతూ ఏడుస్తూ, ముక్కు చీదుకోబోతూ, పక్కనున్న బకెట్లోకి చూశాను. నడిమి రాయికి అడుగున చిన్న కన్నం. ఆ కన్నంలోంచి ఊదా తల ఒకటి బయటికొచ్చి, నన్ను ఎగాదిగా చూసింది. వెనక పసుపు తోక కూడా ఆడింది. బంగారంలాంటి చేప, చెక్కు చెదరకుండా ఉంది!

"ఉంది!" అని కేకేశాను. "పెళ్ళికూతురు ఉంది! నేను చూశాను!"

హాల్లోంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "మళ్ళీ మొదలెట్టావా తల్లీ? ఇంక చాల్లేమ్మా, అయ్యిందేదో అయ్యింది."

"ఈసారి నిజంగా అత్తయ్యా! మీరు వచ్చి చూడండి!" అంటూ బకెట్లోకి తిరిగి చూద్దును కదా, ఉత్త రాళ్ళు, నీళ్ళు. నేను అబద్ధమాడినన్నాళ్ళూ నోరెత్తని చేప, నిజం చెప్పే వేళకు సాక్ష్యానికి రానంటోంది! దాన్ని ఎన్ని తిట్లు తిట్టానో.

గుమ్మం దాకా పరుగెత్తాను. ఆయన స్విచ్చి మీద వేలు పెట్టుకుని, తల తిప్పి నా వైపు చూస్తున్నాడు. నా మొహమంతా తడి, ముక్కు ఎర్రగా, జుట్టు రేగి. చేతిలో కారుతున్న తుడుపుగుడ్డ. నా మాట నిజమో కాదో తేల్చే చుక్కల మందు ఏ కొట్టులోనూ దొరకదు. చూశాను చూశానని అన్ని రోజులు బొంకిన నోటితోనే మళ్ళీ చూశానంటున్నాను. ఆయన నమ్మకపోతే తప్పు పట్టే హక్కు నాకు లేదని తెలుసు.

"ఎక్కడ?" అన్నాడు.

"బకెట్లో. నడిమి రాయి కింద, కన్నంలో."

స్విచ్చి మీంచి వేలు తీసేశాడు. నన్ను దాటుకుని లోపలికి వచ్చి బకెట్టు మీదికి వంగాడు. రాళ్ళు, నీళ్ళు.

"ఇప్పుడే ఉందండీ, ఒట్టు, తోక కూడా..."

"చూశానన్నావుగా" అన్నాడు. "అయితే ఉంటుంది. దాని గుమ్మంలో ముగ్గురం తిండి కుక్కుతుంటే అదేం చేస్తుంది పాపం, ఇల్లు మారిపోయుంటుంది."

స్నానాలపీట బకెట్టు పక్కకు లాక్కుని కూర్చున్నాడు. మా అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి, బకెట్లోకి చూసి, "ఆఁ, అదిగో" అన్నారు. నేను ఆవిడ నోరు మూశాను.

"ఆ ఉప్పు కొలిచేది ఇలా అందుకో" అన్నాడాయన నాతో. "బకెట్లో నీళ్ళు తొందరగా చల్లబడతాయి. చల్లబడితే ఉప్పు లెక్క తేడాగా చూపిస్తుంది. ఎందుకో తెలుసా?"

నాకు తెలుసు. ఇప్పటికి వందసార్లు విన్నాను. తడిచీరతోనే గడప మీద కూర్చుని, "ఎందుకండీ?" అన్నాను.